హాస్టల్లో ఒక నెల, ఇంటర్వ్యూకి మూడు ప్రయాణాలు: ఊరు మారకముందు వేయాల్సిన లెక్క

కేంద్ర గణాంక శాఖ 2020 జూలై నుంచి 2021 జూన్ వరకు జరిపిన శ్రామిక శక్తి సర్వేలో వలసల గురించి విడిగా ప్రశ్నలు అడిగింది. అంతకుముందు వేరే చోట ఉండి ఇప్పుడున్న చోటికి వచ్చినవాళ్లు జనాభాలో 28.9 శాతం. ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు వలస వచ్చిన మగవాళ్లలో 22.8 శాతం పని వెతుక్కుంటూ వచ్చామన్నారు. దొరికిన పనిలో చేరడానికో, బదిలీ మీదో వచ్చినవాళ్లు 20.1 శాతం. ఈ రెండూ కలిపితే 42.9. అంటే బతుకుతెరువు కోసం ఊరు దాటిన ప్రతి వంద మంది మగవాళ్లలో 53 మంది చేతిలో ఉద్యోగం లేకుండానే బయల్దేరారు.

మన దగ్గర ఈ 53 మందిని చూడాలంటే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లకు వెళ్తే చాలు. డిగ్రీనో బీటెకో అయిపోగానే బ్యాగు సర్దుకుని హైదరాబాద్ వచ్చేయడం పాతికేళ్లుగా తెలుగు జిల్లాల్లో స్థిరపడిన దారి. ముందు వెళ్లాలి, ఆ తర్వాతే ఉద్యోగం దొరుకుతుందన్నది చాలా ఇళ్లలో చర్చకే రాని నమ్మకం. ఆ నమ్మకం కొందరి విషయంలో నిజం, చాలామంది విషయంలో ఖరీదైన పొరపాటు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చడానికి కాగితం, పెన్ను, ఒక అరగంట చాలు. ఈ వెతుకులాటకు పెట్టే డబ్బు చాలాసార్లు అమ్మానాన్నల కష్టార్జితం. అందుకే రైలు టిక్కెట్టు కొనేలోపే ఈ లెక్క పూర్తి కావాలి.

ఒక నెలకు మూడు ప్రయాణాలు

ముందు రెండు అంకెలు రాసుకోండి. నగరంలో ఉండి వెతికితే నెలకు ఎంతవుతుంది? ఇంట్లోనే ఉంటూ ఒక ఇంటర్వ్యూకి వెళ్లి రావడానికి ఎంతవుతుంది?

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఉదాహరణ కోసమే. మీ ఊరికి, మీ హాస్టల్‌కి తగ్గట్టు మార్చుకోండి. భోజనంతో కలిపి హాస్టల్ రూ.7,000. బస్సులు, మెట్రో, ఫోన్, జిరాక్సులు రూ.3,000. పైఖర్చులు రూ.2,000. మొత్తం నెలకు రూ.12,000. ఇది కాక వెళ్లగానే ఒక్కసారి పెట్టాల్సిన ఖర్చు ఉంటుంది. హాస్టల్ అడ్వాన్సు, సామాను తరలింపు, పరుపు, బకెట్ లాంటివన్నీ కలిపి రూ.8,000 అనుకుందాం.

ఇక ఇంటర్వ్యూ ప్రయాణం. రాజమహేంద్రవరంలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. రానుపోను చార్జీలకు రూ.1,500, అవసరమైతే ఒక రాత్రి గదికి రూ.1,000, ఆటోలకు, తిండికి ఇంకో రూ.1,000. మొత్తం రూ.3,500.

రూ.12,000ను రూ.3,500తో భాగిస్తే 3.4 వస్తుంది. నగరంలో ఒక నెల ఉండే ఖర్చుతో మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లి రావచ్చు, ఇంకా కొంత మిగులుతుంది. ఇప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నగరంలో కూర్చుంటే నెలకు మూడు ఇంటర్వ్యూలకు మించి, అదీ ఎదురుగా కూర్చుని ఇచ్చేవి, వస్తాయా? రాకపోతే హాస్టల్ అద్దె వృథా.

తొలి రౌండు, చాలాసార్లు రెండో రౌండు కూడా ఫోన్లోనో వీడియో కాల్‌లోనో అయిపోతున్న రంగాల్లో ఈ లెక్క ఇంకా ఇంటి వైపే మొగ్గుతుంది. ఐటీ, అకౌంట్స్, కంటెంట్, డిజైన్, ఫార్మా కంపెనీల్లో ఆఫీసు కొలువులు ఈ కోవలోవి. వాటికి నగరం మొహం చూడాల్సింది చివరి రౌండుకే.

రెండు నెలల గీత

ఖర్చొక్కటే చూస్తే ఇంటి దారిదే గెలుపు. అయితే నగరంలో ఉంటే ఉద్యోగం త్వరగా దొరుకుతుందన్న వాదన ఉంది. దాన్నీ లెక్కలోకి తీసుకుందాం.

ఉద్యోగం లేని ఒక డిగ్రీ కుర్రాడిని తీసుకోండి. నగరానికి వెళ్తే 4 నెలల్లో, ఇంటి నుంచి వెతికితే 6 నెలల్లో చేతికి రూ.28,000 వచ్చే ఉద్యోగం దొరుకుతుందనుకుందాం. ఆరు నెలలు గడిచేసరికి ఎవరి జేబులో ఎంత?

ముందే వెళ్తే నాలుగు నెలల ఖర్చు రూ.48,000, తొలి ఖర్చు రూ.8,000, మొత్తం రూ.56,000 పోయింది. తర్వాత రెండు నెలలు జీతంలో ఖర్చులు పోను నెలకు రూ.16,000 మిగిలితే రూ.32,000 తిరిగి వచ్చింది. నికరంగా రూ.24,000 లోటు.

ఇంట్లో ఉండి మూడుసార్లు ఇంటర్వ్యూలకు వెళ్తే రూ.10,500. ఉద్యోగం వచ్చాక ఊరు మారే తొలి ఖర్చు రూ.8,000. నికరంగా రూ.18,500 లోటు.

తేడా రూ.5,500. ఇంటి దారి కాస్త మెరుగు, అంతే. ఇంటి నుంచి వెతకడం వల్ల ఆలస్యం రెండు నెలలు కాకుండా ఒక్క నెలే అయితే ఇదే లెక్కలో తేడా రూ.21,500కు పెరిగి, ఇంటి దారి స్పష్టంగా లాభం అవుతుంది. ఆలస్యం మూడు నెలలైతే బొమ్మ తిరగబడుతుంది. నగరానికి ముందే వెళ్లినవాడు రూ.10,500 ముందుంటాడు.

కాబట్టి ఈ అంకెల ప్రకారం గీత సుమారు రెండు నెలల దగ్గర పడుతుంది. నగరంలో ఉండటం మీ వెతుకులాటను రెండు నెలలకు మించి తగ్గిస్తుందన్న నమ్మకం ఉంటేనే ముందు వెళ్లడం గిట్టుబాటు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. సొంత ఊళ్లో నెలకు రూ.18,000 తెచ్చుకుంటున్న అకౌంట్స్ అసిస్టెంట్ దాన్ని మానేసి హైదరాబాద్ వెళ్తే, ఖర్చయ్యే రూ.12,000కు పోగొట్టుకునే రూ.18,000 కూడా కలపాలి. నెల ఖరీదు రూ.30,000 అవుతుంది. పై ఉదాహరణలోలా ఆరు నెలలకు లెక్క కడితే, ఉన్న ఉద్యోగంలోనే ఉంటూ వెతికిన మనిషికి రూ.1,08,000 జీతం వస్తుంది. అందులోంచి ప్రయాణాలకు రూ.10,500, సెలవులు పెట్టిన ఆరు రోజులకు రోజుకు రూ.600 చొప్పున రూ.3,600, ఊరు మారే ఖర్చు రూ.8,000 తీసేస్తే రూ.85,900 మిగులుతుంది. మానేసి వెళ్లిన మనిషికి రూ.24,000 లోటు. మధ్యలో తేడా లక్షా పదివేలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మానేసి వెళ్లి వెతకడానికి బలమైన కారణం ఉండాలి. ఎక్కువ కొలువుల విషయంలో ఆ కారణం లేదు.

నగరంలో అక్కో, బాబాయో ఉండి, ఉండటానికి చోటిస్తే అంకెలు మారతాయి. నెల ఖర్చు రూ.5,000కు, తొలి ఖర్చు రూ.3,000కు దిగితే నాలుగు నెలలకు రూ.23,000తో సరిపోతుంది. అప్పుడు నగరం వల్ల వెతుకులాట ఏ కాస్త వేగం పుంజుకున్నా లాభమే. కాకపోతే ఎన్నాళ్లు ఉంటారో వెళ్లేముందే వాళ్లతో చెప్పుకోవడం మర్యాద. బంధుత్వం కూడా చెడదు.

ముందే వెళ్లాల్సిన కొలువులు

కొన్ని పనులకు దరఖాస్తు అనేదే ఉండదు, మనిషి కనబడాలి. షోరూములు, రెస్టారెంట్లు, డెలివరీ, గోడౌన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వాయిస్ ప్రాసెస్ కాల్ సెంటర్లు. వీటిలో వాక్-ఇన్‌కి వెళ్తే అదే రోజు మాట్లాడి, అదే వారం రమ్మనే పద్ధతి ఉంది. ఫోన్లో వారాలు పట్టేది మనిషి ఎదురుగా ఉంటే రోజుల్లో తేలుతుంది. ఇలాంటి పనులకు ఇంట్లో కూర్చుని రెజ్యూమెలు పంపడం వల్ల ప్రయోజనం తక్కువ.

అలా వెళ్లేవాళ్లు కూడా గడువు పెట్టుకుని వెళ్లాలి. రూ.44,000 చేతిలో ఉంటే, తొలి ఖర్చు రూ.8,000 పోగా మిగిలింది మూడు నెలల తిండి, వసతి. అందులో చివరి నెలను తాకకుండా ఉంచుకోవాలి. ఉద్యోగం వచ్చినా మొదటి జీతం అందేదాకా బతకాలి కదా. కాబట్టి వెతకడానికి నిజంగా ఉన్న సమయం రెండు నెలలే. ఆ రెండు నెలల్లో కుదరకపోతే తిరిగి వచ్చి ఇంటి నుంచి వెతకడం ఓటమి కాదు. ముందే రాసుకున్న ప్రణాళికలో అదీ ఒక భాగం. గడువు లేకుండా వెళ్లినవాళ్లే అప్పుల్లో పడతారు.

దగ్గరి నగరం హైదరాబాదేనా?

ప్రయాణ ఖర్చు మీదే లెక్కంతా ఆధారపడినప్పుడు దూరం చూసుకోవాలి. అనంతపురం నుంచి హైదరాబాద్ సుమారు 360 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 210. తిరుపతి నుంచి చెన్నై 140 కిలోమీటర్ల లోపే, హైదరాబాద్ 550 పైమాటే. ఆదిలాబాద్‌కు నాగ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 300. భాష, బంధువులు, స్నేహితుల వల్ల అందరి చూపూ హైదరాబాద్ మీదే ఉంటుంది. అది సహజం. కానీ అనంతపురం నుంచి పొద్దున బయల్దేరి బెంగళూరులో ఇంటర్వ్యూ ఇచ్చి రాత్రికి ఇల్లు చేరొచ్చు. గది అద్దె రూ.1,000 మిగులుతుంది, సెలవు ఒక్కరోజుతో సరిపోతుంది. అదే డబ్బుతో రెట్టింపు ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు.

రైళ్లు కూడా దూరాన్ని కొంత తగ్గించాయి. విశాఖపట్నం, సికింద్రాబాద్ మధ్య వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య నడిచేది 2023 సెప్టెంబర్ 24న మొదలైంది. రెండింటికీ ప్రయాణ సమయం ఎనిమిదిన్నర గంటల చుట్టూ ఉంటుంది. ఖర్చు తగ్గాలంటే రాత్రి రైల్లో స్లీపర్ చాలు. ఏ రైలైనా ఒక్క ఇంటర్వ్యూ కోసం వెళ్లేకంటే రెండు మూడు కుదిరేలా చూసుకోవడం ముఖ్యం. ఒక కంపెనీ గురువారం రమ్మంటే, తొలి రౌండ్లు దాటిన మిగతా కంపెనీలకు ఫోన్ చేసి బుధ, గురు, శుక్రవారాల్లో ఊళ్లో ఉంటానని చెప్పండి. వాటిలో ఇంకొక్కటి కుదిరినా ప్రయాణం ఖర్చు సగానికి దిగినట్టే.

హెచ్‌ఆర్ భయం, మీ జవాబు

ఇంటి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఎదురయ్యే అసలు అడ్డంకి రెజ్యూమెలో ఊరి పేరు. నౌకరీ లాంటి పోర్టళ్లలో రిక్రూటర్లు ఇప్పుడున్న ఊరు, కోరుకుంటున్న ఊరు అనే రెండు గడులతో వడపోస్తారు. రెండో గడిలో హైదరాబాద్ పెట్టకపోతే మీ పేరు వాళ్ల కంటపడే అవకాశమే తక్కువ. పెట్టినా, వేరే ఊరి మనిషి అనగానే హెచ్‌ఆర్‌కు మూడు అనుమానాలు వస్తాయి. పిలిస్తే వస్తాడా? ఆఫర్ ఇచ్చాక చేరతాడా? చేరాక ఊరి మీద బెంగతో రెండు నెలల్లో వెళ్లిపోతాడా?

కొందరు దీనికి విరుగుడుగా స్నేహితుడి హైదరాబాద్ అడ్రసు వేసేస్తారు. అది వద్దు. మధ్యాహ్నం మూడింటికి రమ్మంటే దొరికిపోతారు. చేరాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడ్రసు కూడా చూస్తారు. నిజమే రాసి, దాని పక్కనే అనుమానాలకు జవాబు అంకెల్లో రాయండి. మూడు రోజుల ముందు చెబితే సొంత ఖర్చులతో నేరుగా ఇంటర్వ్యూకి వస్తాను. ఆఫర్ వచ్చిన 15 రోజుల్లో, నోటీసు పీరియడ్ ఉంటే అది ముగిసిన వారంలో, చేరతాను. ఫలానా కారణంగా ఈ నగరానికే రావాలని నిర్ణయించుకున్నాను. ఈ మూడు వాక్యాలు రెజ్యూమె పైభాగంలో ఉంటే చదివే మనిషికి ఊహించాల్సిన పని ఉండదు. నోటీసు 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా అన్నది దాచకుండా చెప్పండి. ఐటీలో 90 రోజుల నోటీసు వల్ల పోయే అవకాశాలు, ఊరి దూరం వల్ల పోయేవాటికన్నా తక్కువేమీ కాదు.

దూరాన్ని నిందించే ముందు ఇంకోటి పరిశీలించాలి. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. నగరం అంచున ఉండే నిరుద్యోగ యువతలో కొందరికి ఉద్యోగాలు వెతుక్కోవడానికి వెళ్లిరావడానికి బస్సు ఖర్చులు ఇచ్చారు. మరికొందరికి దరఖాస్తు రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పి, వాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చారు. తొలి నెలల్లో రెండు సాయాలూ పనిచేశాయి. నాలుగేళ్ల తర్వాత వెళ్లి చూస్తే బస్సు ఖర్చుల ప్రభావం మిగల్లేదు. దరఖాస్తు రాయడం నేర్చుకున్నవాళ్ల సంపాదన మాత్రం మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఉంది. ఈ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. ఎక్కడి నగరమో అయినా మనకూ వర్తించే మాట అందులో ఉంది. దూరం కన్నా పెద్ద అడ్డంకి, మనకు ఏం వచ్చో ఎదుటివాళ్లకు తెలియకపోవడం. ఆ అడ్డంకిని ఇంట్లో కూర్చునే తొలగించుకోవచ్చు.

ఎక్కడ ఆగుతున్నారో తెలుసుకోవడానికి దరఖాస్తులను ముప్ఫైల చొప్పున లెక్కపెట్టండి. ఒక నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలు గీసి కంపెనీ, తేదీ, ఫోన్ వచ్చిందా, ఎక్కడ ఆగింది అని రాసుకోండి. ముప్ఫైలో ఒక్క ఫోన్ కూడా రాకపోతే మార్చాల్సింది రెజ్యూమె. ఫోన్లు వచ్చి, ఎక్కడున్నారనే ప్రశ్న దగ్గర ఆగుతుంటే మార్చాల్సింది పైన చెప్పిన మూడు వాక్యాలు. తొలి రౌండు దాటి రెండోదాంట్లో పోతుంటే నేర్చుకోవాల్సింది పని. ఈ మూడు సందర్భాల్లోనూ హాస్టల్‌కి మారడం వల్ల జరిగేదేమీ లేదు.

వెతకడానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. కేంద్రం 2015 జూలైలో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉచితం, హెల్ప్‌లైన్ 1514. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లాల్లో జాబ్ మేళాలు పెడుతుంది. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టాస్క్ ఇచ్చే శిక్షణ, ఉద్యోగాల కోసం డీట్ పోర్టల్ ఉన్నాయి. మీ జిల్లాకే కంపెనీలు వచ్చే రోజున మీ ప్రయాణ ఖర్చు రూ.3,500 కాదు, ఊరి బస్సు చార్జీ.

ఆరు లక్షలంటే నెలకు యాభై వేలు కాదు

ఆఫర్ వచ్చింది. ఏడాదికి ఆరు లక్షల సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. పన్నెండుతో భాగించి నెలకు రూ.50,000 అనుకుని ఆ లెక్కన అద్దె ఇల్లు చూస్తే కష్టాలు మొదలవుతాయి.

బేసిక్ సగం, అంటే నెలకు రూ.25,000 అనుకుందాం. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం ఏడాదికి రూ.36,000. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది బేసిక్‌లో 4.81 శాతం, అంటే రూ.14,430. పనితీరు మీద ఇచ్చే వేరియబుల్ పది శాతం ఉంటే రూ.60,000. ఈ మూడూ సీటీసీలో ఉంటాయి గానీ నెల జీతంలో రావు. తీసేస్తే రూ.4,89,570, నెలకు సుమారు రూ.40,800. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ రూ.3,000, వృత్తి పన్ను రూ.200 పోతే చేతికి వచ్చేది సుమారు రూ.37,600.

పీఎఫ్‌ను చట్టంలోని రూ.15,000 పరిమితి మీదే కట్టే కంపెనీ అయితే రెండు వైపులా నెలకు రూ.1,800 చొప్పున పోయి చేతికి సుమారు రూ.40,000 వస్తుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు ఏడాదికి రూ.12.75 లక్షల దాకా ఆదాయ పన్ను పడదు కాబట్టి ఈ ఉదాహరణలో ఆ కోత లేదు. జీతం రూ.21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐకి 0.75 శాతం పోతుంది, బదులుగా వైద్యం ఉంటుంది.

అందుకని ఆఫర్‌కు ఒప్పుకునే ముందు హెచ్‌ఆర్‌ను అడగాల్సింది సీటీసీ కాదు, కోతలన్నీ పోగా నెలకు చేతికెంత అని. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఊరు మారే మనిషికి తెలియాల్సిన మొదటి అంకె అదే.

అడ్వాన్సులో ఇరుక్కునే డబ్బు

రెండు నగరాల్లో ఒకేలాంటి ఆఫర్లు ఉన్నప్పుడు జీతంతో పాటు అడ్వాన్సు కూడా పోల్చాలి. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు పాత ఆచారం. ఇప్పుడు చాలాచోట్ల తగ్గినా ఐదారు నెలలు అడిగేవాళ్లు ఉన్నారు. రూ.15,000 అద్దె ఇంటికి హైదరాబాద్‌లో అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి రూ.45,000. బెంగళూరులో ఆరు నెలల అడ్వాన్సుతో రూ.1,05,000. పది నెలలైతే రూ.1,65,000. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. అయితే రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే ఆ నిబంధన అక్కడ నడుస్తుంది. కాబట్టి అగ్రిమెంట్లో రాసిందే మీకు ఆధారం. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఎంత కోస్తారో ముందే రాయించుకోండి.

బెంగళూరు ఆఫర్ పది శాతం ఎక్కువ, అంటే రూ.6.6 లక్షలు అనుకుందాం. చేతికి నెలకు పెరిగేది సుమారు రూ.3,800. అద్దె, రాకపోకలు కలిపి అక్కడ నెలకు నాలుగు వేలు ఎక్కువైతే ఆ పది శాతం మాయమైపోతుంది. నమ్మ మెట్రోలో 2025 ఫిబ్రవరి నుంచి గరిష్ఠ చార్జీ రూ.90. నెలకు 22 రోజులు రానుపోను లెక్కేస్తే, ఆ గరిష్ఠ చార్జీ పడేవాళ్లకు రూ.3,960 అవుతుంది. ఆఫీసుకు దగ్గరలో ఇల్లు చూసుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మొదటి జీతం ఎప్పుడు పడుతుందో కూడా అడగండి. నెల మొదట్లో 3న చేరితే నెలాఖరుకు జీతం, 27 రోజుల ఎదురుచూపు. చాలా కంపెనీల్లో ఫలానా తేదీ తర్వాత చేరినవాళ్ల జీతం వచ్చే నెలకు వెళ్తుంది. 22న చేరి మరుసటి నెలాఖరుకు జీతం అందుకునేవాళ్లు దాదాపు 40 రోజులు చేతి డబ్బుతో గడపాలి. చేరే తేదీని ఒక వారం అటూ ఇటూ జరపమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అదే వారం మీకు కొన్ని రోజుల ఖర్చు మిగల్చొచ్చు. ఊరు మారే ఖర్చు కంపెనీ ఇస్తుందా అన్నదీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపే అడగాలి, తర్వాత కాదు. ఇస్తే, ఏడాదిలోపు మానేసినవాళ్లు తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదువుకోండి.

రాష్ట్రం దాటితే మారేవి

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కర్ణాటకలో 2023 జూన్ 11న, తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. మూడు చోట్లా అది ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు గుర్తింపు కార్డు చూపే మహిళలకే. గుంటూరు అడ్రసు ఉన్న ఆధార్‌తో హైదరాబాద్ సిటీ బస్సెక్కితే టిక్కెట్టు కొనాలి. కొత్త ఊళ్లో స్థిరపడ్డాక ఆధార్‌లో అడ్రసు మార్చుకుంటే నెలకు వెయ్యి రూపాయలకు పైగా మిగలొచ్చు.

బండి తీసుకెళ్తే, మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. ఆ రాష్ట్రపు లైఫ్ టాక్స్ కట్టాలి. పాత స్కూటీకి ఆ ఖర్చు గిట్టుబాటవుతుందా, అమ్మేసి అక్కడే ఇంకోటి కొనడం మేలా అని చూసుకోండి.

పిల్లలున్నవాళ్లకు ఇంకా పెద్ద లెక్క ఉంది. వృత్తి విద్య సీట్లలో స్థానికత అనేది పిల్లలు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వస్తుంది. తెలంగాణలో మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదవాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. పిల్లవాడు తొమ్మిదిలోనో, పదిలోనో ఉండగా విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మారే కుటుంబం ఈ సంగతి తేల్చుకున్నాకే కదలాలి. జీతంలో ఐదు వేల తేడా కోసం పిల్లల స్థానికత పోగొట్టుకోకూడదు.

ఆడపిల్లల లెక్క

మొదట చెప్పిన సర్వేలోనే వలస వచ్చిన మహిళల్లో 86.8 శాతం పెళ్లి వల్ల వచ్చామన్నారు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు 0.6 శాతం, పనిలో చేరడానికి వచ్చినవాళ్లు 0.7 శాతం. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది, దాని మీద సిద్ధాంతాలు కట్టలేం. రెండూ ఒక శాతం లోపే ఉండటమే అసలు విషయం. ఉద్యోగం కోసం ఊరు దాటి వెళ్లే వీలు ఆడపిల్లలకు ఇంకా అంత తక్కువ.

అందుకే ఇంటి నుంచి దరఖాస్తు చేయడం వాళ్లకు మరింత విలువైన దారి. ఆఫర్ లెటర్, చేతికొచ్చే జీతం, హాస్టల్ వివరం, షిఫ్టు వేళలు, రాత్రి షిఫ్టయితే క్యాబ్ ఉందా అన్న సమాధానం, ఇవన్నీ కాగితం మీద పెట్టి అమ్మానాన్నలతో మాట్లాడితే భయాలకు ఒక్కొక్కదానికి జవాబు దొరుకుతుంది. పది మంది కన్నా తక్కువ ఉన్న చిన్న ఆఫీసు కాకపోతే 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దాని గురించి అడగడం తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్నే. కేంద్ర పథకం కింద నడిచే సఖి నివాస్ హాస్టళ్లు ప్రైవేటువాటికన్నా చవక. వెళ్లబోయే నగరంలో ఎక్కడున్నాయో, ఖాళీలు ఉన్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

డబ్బడిగితే అక్కడితో ఆపేయండి

దూరం నుంచి వెతికేవాళ్లే మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. ఆఫీసు చూడలేరు, మనిషిని చూడలేరు. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ ఖర్చు, మెడికల్ పరీక్ష, ఏ పేరుతో అడిగినా సరే, ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు. లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామనే కన్సల్టెన్సీలు దొంగ అనుభవ పత్రాలతో పెట్టిస్తాయి. వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది, డబ్బు రాదు, ఆ మచ్చ మాత్రం మిగులుతుంది.

ఆఫర్ రాగానే మూడు పనులు చేయండి. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో చూడండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో కంపెనీ పేరు వెతకండి. ఈపీఎఫ్‌ఓ సైట్లో సంస్థల జాబితాలో ఉందేమో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచొద్దు, చూపించి తెచ్చుకోండి. డబ్బు పోతే గంటలు గడవకముందే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రాసుకోవాల్సిన ఐదు అంకెలు

బయల్దేరే ముందు ఒక కాగితం మీద ఐదు అంకెలు రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. నగరంలో నెల ఖర్చు. ఒక ఇంటర్వ్యూ ప్రయాణం ఖర్చు. చేతిలో ఉన్న డబ్బు. అది ఎన్ని నెలలు వస్తుంది, అందులో చివరి నెల తీసేస్తే ఎన్ని. కొత్త ఉద్యోగంలో కోతలు పోగా చేతికి వచ్చే జీతం, అంతకు తక్కువైతే వెళ్లకూడని గీత.

ఐదు రాయగలిగితే మీరు ముందే వెళ్లినా, ఆఫర్‌తో వెళ్లినా ధైర్యంగా వెళ్లొచ్చు. రాయలేకపోతే తెలియని అంకె ఏదో అదే మీ తర్వాతి పని. పని వెతుక్కుంటూ ఊరు దాటిన ఆ 53 మందిలో సగం మందైనా ఇంట్లో ఉండగానే ఈ లెక్క వేసుకుని ఉంటే, ఎన్నో ఇళ్లలో అప్పు చేసి పంపిన డబ్బు హాస్టల్ అద్దెలకు పోకుండా మిగిలేది. తెలివితేటలకు, కష్టపడే గుణానికి మన జిల్లాల్లో కొదవ లేదు. లేనిది వృథా చేయడానికి డబ్బు. అందుకే రెజ్యూమె ముందు వెళ్లాలి, మనిషి తర్వాత వెళ్లాలి. మనిషే ముందు వెళ్లాల్సిన కొలువు అయితే, తిరిగి వచ్చే తేదీ కూడా రాసుకుని వెళ్లాలి.